నాలుగు పాళ్ల కొవ్వు

మామయ్య మైక్రోబయాలజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు ఫార్మసీ చదివి, ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసి, కొడుక్కి ఫిట్స్ ముదిరాక ఉద్యోగం మానేసింది. పిల్లాడికి ఆరేళ్లు. ఏడాది పైగా కీటోజెనిక్ డైట్ మీద ఉన్నాడు. ఆ డైట్ వాడి పేగులకు మేలా కీడా అని ఇద్దరూ వాదించుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరికీ పిల్లాడంటే ప్రాణమే. అందుకే మాటలు కాస్త ఘాటుగా నడిచాయి. నోరు ఊరుకోక నేను కలిపినవి కుండలీకరణాల్లో ఉన్నాయి.

మామయ్య: వాడి కంచం చూశానమ్మాయ్. ఒక గుడ్డు, వెన్నలో ఈదుతున్న పాలకూర, పక్కన గిన్నెడు మీగడ. మెతుకు లేదు, పప్పు లేదు, పండు ముక్క లేదు. పెద్దపేగులో కోటానుకోట్ల జీవాలుంటాయి. మనం అరిగించుకోలేక వదిలేసిన పీచు మీదే వాటి బతుకు. ఆ కంచంలో వాటి వాటా ఏది?

మేనకోడలు: వాటి వాటా తర్వాత చూద్దాం మామయ్యా, ముందు కొవ్వు లెక్క వినండి. వాడిది నాలుక్కి ఒకటి డైట్. పిండిపదార్థం, మాంసకృత్తులు రెండూ కలిపి ఒక గ్రాము పెడితే కొవ్వు నాలుగు గ్రాములు పెట్టాలి. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, మిగతా రెండింటికీ నాలుగేసి. అంటే ప్రతి 40 కేలరీల్లో 36 కొవ్వువే, నూటికి 90. అంత కొవ్వు పడితేనే కాలేయం కీటోన్లు చేస్తుంది, మెదడు గ్లూకోజు తగ్గించుకుని వాటి మీద నడుస్తుంది. ఇందులో పప్పన్నానికి చోటెక్కడుంటుంది? తెలిసే మానిపించాను.

మామయ్య: నువ్వు తెలిసి చేసినంత మాత్రాన పేగు ఊరుకుంటుందా? పీచు దొరికితే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తుంది. పెద్దపేగు గోడలోని కణాలకు ప్రధాన ఇంధనం అదే. మెదడుకు కొత్త ఇంధనం పోసి పేగుకున్న పాత ఇంధనం కట్ చేశావు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాదూ?

మేనకోడలు: కొండనాలుక పాటి జబ్బా మామయ్యా అది? డూస్ సిండ్రోమ్. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుప్పకూలేవాడు. ఇంట్లో కూడా హెల్మెట్ పెట్టి తిప్పేవాళ్లం. వాల్ప్రోయేట్ ఇచ్చాం, లెవెటిరాసెటమ్ కలిపాం, క్లోబజామ్ కలిపాం. సరిగ్గా ఎంచిన రెండు మందులు తగిన మోతాదులో వాడినా లొంగకపోతే అది మొండి మూర్ఛ. ఫిట్స్ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందిది ఇదే పరిస్థితి. ఆ తర్వాత ఎన్ని మందులు మార్చినా గుణమొచ్చే అవకాశం తగ్గుతూనే పోతుంది. లండన్‌లో మందులకు లొంగని 145 మంది పిల్లల మీద పరీక్ష చేసి 2008లో ఫలితాలు అచ్చేశారు. మూడు నెలలకు, డైట్ తీసుకున్నవాళ్లలో నూటికి 38 మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. డైట్ ఇవ్వనివాళ్లలో నూటికి ఆరుగురికి. మీరే చెప్పండి, మూడో మందు దగ్గరున్న పిల్లాడి తల్లి ఏ వైపు చూడాలి?

మామయ్య: డైట్ పనిచెయ్యదని నేనన్లేదు. దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందంటున్నాను. మన ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లదే చూడు. 2013లో 102 మంది పిల్లలతో చేశారు. నీ డైట్ కంటే మెత్తనిది, మాడిఫైడ్ అట్కిన్స్. ఫిట్స్ సగానికి పైగా తగ్గినవాళ్లు డైట్ వైపు నూటికి 52, మామూలు తిండి వైపు పదకొండున్నర. బాగుంది. కానీ డైట్ పిల్లల్లో నూటికి 46 మందికి మలబద్ధకం! దాదాపు సగం మంది. దాన్ని సైడ్ ఎఫెక్ట్ అని ఓ మూల రాసేస్తే సరిపోతుందా?

మేనకోడలు: మా ఇంట్లో దాన్ని ఏ మూలా రాయలేదు, ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలోనే రాశాం. మొదటి నెలల్లో వాడికి నాలుగైదు రోజులకోసారి అయ్యేది, అదీ ఏడుస్తూ. సిరప్ ఇద్దామంటే సిరప్ నిండా చక్కెర. లాక్టులోజ్ వద్దన్నారు, అందులోనూ చక్కెరలుంటాయి. చివరికి పాలిఇథిలిన్ గ్లైకాల్ పొడి నీళ్లలో కలిపి ఇవ్వమన్నారు. నీళ్లు గంటగంటకీ తాగించాం. కొవ్వులో కొంత భాగం ఎంసీటీ నూనెకు మార్చారు, అది పేగును కాస్త కదిలిస్తుంది. ఎక్కువైతే మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు. ఆ నూనెకు ఒక చెంచాకూ రెండు చెంచాలకూ మధ్య ఉన్న తేడా ఏ పుస్తకంలోనూ ఉండదు మామయ్యా, పిల్లాడి పొట్టే చెప్పాలి.

(వాంతులు, పుల్లటి తేన్పులు, కడుపునొప్పి కూడా ఈ డైట్‌లో తరచూ వస్తాయి. మూత్రపిండాల్లో రాళ్లు, రక్తంలో కొవ్వు పెరగడం, ఎదుగుదల మందగించడం వేరే పద్దు. వీటన్నిటికీ క్రమం తప్పని రక్త, మూత్ర పరీక్షలున్నాయి. ఇద్దరికీ ఇవి తెలుసు కాబట్టి వాటి మీద కాలం వృథా చెయ్యలేదు.)

మామయ్య: మలబద్ధకం కంటికి కనపడేది. నా భయం కనపడని దాని మీద. స్వీడన్‌లో కరోలిన్స్కా వాళ్లు మొండి మూర్ఛ ఉన్న 12 మంది పిల్లల మలం డైట్‌కు ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి పరీక్షించి 2019లో రాశారు. బైఫిడోబ్యాక్టీరియా పడిపోయింది. బ్యూటిరేట్ చేసే యూబ్యాక్టీరియం రెక్టాలే తగ్గింది. ఈ-కోలై పెరిగింది. తల్లిపాలు తాగే బిడ్డ పేగులో మొదట స్థిరపడే జాతుల్లో ఒకటి బైఫిడో. దాన్ని తరిమేసి ఈ-కోలైకి తలుపు తీసిన తిండిని ఆరోగ్యం అని నేనెలా ఒప్పుకోను?

మేనకోడలు: మీరు స్వీడన్ చెప్పారు, నేను చైనా చెప్తాను. 2017లో 14 మంది మూర్ఛ శిశువులను చూశారు. డైట్‌కు ముందే వాళ్ల పేగులు ఆరోగ్యంగా ఉన్న శిశువుల పేగుల్లా లేవు. ప్రోటియోబ్యాక్టీరియా విపరీతంగా ఉంది. ఒక్క వారం డైట్ పెట్టేసరికి అది తగ్గింది, బ్యాక్టీరాయిడిస్ పెరిగింది. మీరు చెడిపోయిందంటున్న పేగు అంతకుముందు బాగుందని ఎవరన్నారు? ఏళ్ల తరబడి మందులు, ఆసుపత్రులు, యాంటీబయాటిక్స్... వాడి పేగులో బైఫిడో పూలతోట ఏమైనా ఉందా డైట్ వచ్చి పీకెయ్యడానికి?

మామయ్య: ఆగాగు. ఈ-కోలై ఏ వర్గం? ప్రోటియోబ్యాక్టీరియానే కదా! చైనాలో ఆ వర్గం తగ్గిందంటావు, స్వీడన్‌లో అదే వర్గం జీవి పెరిగిందంటున్నారు. ఒకే డైట్, రెండు దారులు. ఒకచోట పాలు తాగే శిశువులు, ఇంకోచోట పెద్ద పిల్లలు. ఒకచోట వారం, ఇంకోచోట మూడు నెలలు. ఒకరు 14 మంది, ఇంకొకరు 12 మంది. ఇంత చిన్న గుంపులతో నువ్వు పేగు బాగుపడిందనీ అనలేవు.

మేనకోడలు: మీరు చెడిపోయిందనీ అనలేరు.

(మామయ్య కాసేపు మాట్లాడలేదు. నాకు తెలిసి ఆయన తరగతి గదిలోనూ ఇలా ఆగేవారు, ఓడిపోయి కాదు, తర్వాతి ప్రశ్న వెతుక్కుంటూ.)

మామయ్య: సరే, పిల్లలను వదిలేసి ఎలుకల దగ్గరికి వెళ్దాం. నీకిష్టమైన పేపరు ఉందిగా, కాలిఫోర్నియా వాళ్లది.

మేనకోడలు: ఎలేన్ షావ్ ల్యాబు, లాస్ ఏంజిలిస్, 2018. చెప్పమంటారా? ఎలుకలకు కీటో తిండి పెట్టి, కరెంటు షాకుతో ఫిట్స్ తెప్పించి చూశారు. కీటో తిన్న ఎలుకలు తట్టుకున్నాయి. తర్వాత పేగులో ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా పెంచిన ఎలుకలకు అదే తిండి పెట్టారు. రక్షణ రాలేదు. యాంటీబయాటిక్స్‌తో పేగు ఖాళీ చేసిన ఎలుకలకూ రాలేదు. తిండి అదే, కొవ్వు అదే. పేగులో జీవాలు లేకపోతే మెదడుకు ఆ కాపుదల లేదు. డైట్ వల్ల పెరిగినవి ఏవంటే, అకర్మాన్సియా, పారాబ్యాక్టీరాయిడిస్. ఆ రెండూ కలిపి ఖాళీ పేగులోకి పంపితే కాపుదల తిరిగొచ్చింది. ఒక్కదాన్నే పంపితే చాల్లేదు. ఆ రెండూ ఉన్నప్పుడు గామా-గ్లుటమైల్ అమైనో ఆమ్లాలు పేగులోనూ రక్తంలోనూ తగ్గాయి, మెదడులో హిప్పోకాంపస్ దగ్గర గ్లుటమేట్‌తో పోలిస్తే గాబా పెరిగింది. గాబా నరాలను నెమ్మదింపజేసేది, గ్లుటమేట్ రెచ్చగొట్టేది. పేగును పాడుచేసి మెదడును బాగుచేస్తున్నానంటున్నారు మీరు. పేగు చేతనే మెదడును బాగుచేయిస్తున్నానేమో!

మామయ్య: ఏమో అన్నావు, మంచిది. అక్కడ ఒక పురుగు ఉంది. అకర్మాన్సియా ముసినిఫిలా తినేదేమిటో తెలుసుగా? పేగు గోడ మీద ఉండే జిగురు పొర. పీచు తిని బతికేవి ఆకలితో చస్తే, జిగురు తిని బతికేది వర్ధిల్లుతుంది. అది పెరిగిందంటే పేగు పండగ చేసుకుంటోందని కాదు, కరువు పనులు మొదలయ్యాయనీ కావచ్చు. 2016లో మిషిగన్ వాళ్లు, లక్సెంబర్గ్ వాళ్లు కలిసి చేశారు. మనిషి పేగులోని 14 జాతులే ఉన్న ఎలుకలకు పీచు పూర్తిగా మాన్పిస్తే, ఆ జీవాలు జిగురు పొరనే కొరుక్కుతిన్నాయి. పొర పల్చబడింది. తర్వాత రోగకారక క్రిమిని వదిలితే ఆ ఎలుకలు పెద్దపేగు వాపుతో తీసుకుతీసుకు చచ్చాయి. ఒకే బ్యాక్టీరియా నీ పేపర్లో కాపలాదారు, నా పేపర్లో గోడ తవ్వేవాడు.

మేనకోడలు: అది కీటో తిండి కాదు మామయ్యా, పీచు లేని తిండి.

మామయ్య: వాడి తిండిలో పీచు ఎంతో చెప్పు మరి!

మేనకోడలు: చెప్తాను. కానీ మీరు ఇంకో పేపరు దాటేస్తున్నారు. అదే ల్యాబు 2023లో ఎలుకల దగ్గర ఆగకుండా పిల్లల దగ్గరికి వచ్చింది. మొండి మూర్ఛ ఉన్న పది మంది పిల్లల మలం డైట్‌కు ముందు, సుమారు నెల రోజుల డైట్ తర్వాత తీసుకుని ఎలుకల పేగుల్లోకి మార్చారు. ఎలుకలకు కీటో పెట్టలేదు, మామూలు తిండే. డైట్ తర్వాతి మలం అందుకున్న ఎలుకలు ఫిట్స్‌ను ఎక్కువ తట్టుకున్నాయి. పిల్లల పేగులో జరిగిన మార్పు అంతా నష్టమే అయితే ఆ కాపుదల ఎక్కణ్నుంచి వచ్చింది?

(నాకు ఇక్కడ వాదం చేతులు మారినట్టనిపించింది. పేగు చిన్న విషయం కాదని మొదలుపెట్టింది మామయ్య. ఆ మాటను అంతకంటే గట్టిగా నిరూపించింది మేనకోడలు. కానీ ఆమె నిరూపించేకొద్దీ మామయ్య రెండో ప్రశ్న పదునెక్కుతోంది. పేగే ఇక్కడ మందు దుకాణమైతే దాన్ని పస్తు పెట్టి ఎన్నాళ్లు నడుపుతారు? పేగుకు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే సరిగ్గా లేదు. ఏ పిల్లాడి పేగుకు, దేనితో పోల్చి, ఎన్నాళ్లకు అని అడగాలి. అలా అడిగితే ఇద్దరి పేపర్లూ ఒకే బల్ల మీద పడతాయి.)

మామయ్య: అలా అయితే నెయ్యి ఎందుకమ్మాయ్? మీ లాస్ ఏంజిలిస్ ఎలుకలకు మామూలు తిండి పెట్టి ఆ రెండు బ్యాక్టీరియాలనూ ఇచ్చినా కాపుదల వచ్చిందిగా. వాటినే క్యాప్సూల్‌లో పోసి ఇస్తే పిల్లాడు పప్పన్నం తింటాడు.

మేనకోడలు: వాటితో పిల్లల్లో ఫిట్స్ ఆగుతాయని తేలి, డాక్టరు చీటీ మీద రాసిన రోజున మొదటి వరసలో నేనే నిలబడతాను. ఈ రోజు వాడి చీటీ మీద ఉన్నది నెయ్యి. ఇంకో మాట. కీటోన్లకు పనే లేదని ఆ పేపరు అనలేదు. గ్లట్-1 లోపం ఉన్న పిల్లలున్నారు, వాళ్ల మెదడులోకి గ్లూకోజు సరిగ్గా వెళ్లదు. వాళ్లకు కీటోనే అన్నం. అక్కడ ఏ క్యాప్సూలూ కీటోన్ల చోటు తీసుకోలేదు.

మామయ్య: ఒప్పుకున్నాను. అసలు తమాషా ఏమిటో తెలుసా? ఈ వైద్యం పుట్టుకలోనే పేగు మీద నేరం మోపడం ఉంది. 1920 ప్రాంతంలో మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌లో హ్యూ కాంక్లిన్ అని ఒక ఆస్టియోపతీ వైద్యుడు. పేగులో పుట్టిన విషం రక్తంలో కలిసి ఫిట్స్ తెప్పిస్తుందని ఆయన నమ్మకం. పేగుకు విశ్రాంతి ఇవ్వాలని పిల్లలను వారాల తరబడి మంచినీళ్ల మీదే ఉంచేవాడు. కొందరికి ఫిట్స్ ఆగాయి. సిద్ధాంతం తప్పు, ఫలితం నిజం. ఉపవాసంతో వచ్చే కీటోన్లను కొవ్వు తిండితోనూ రప్పించవచ్చని 1921లో మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. కీటోజెనిక్ డైట్ అని పేరు పెట్టిందీ ఆయనే. 1938లో ఫెనిటోయిన్ వచ్చాక దీన్ని దాదాపు మరిచిపోయారు. మాత్ర మింగడం సులువు కదా.

మేనకోడలు: సులువే. వెన్న గ్రాము గ్రాము తూచడం కంటే ఏదైనా సులువే. మాత్రలకు లొంగని పిల్లల తల్లిదండ్రులే 1990ల్లో దీన్ని మళ్లీ లేపారు.

మామయ్య: తెలుగువాళ్లకు వేరే దారిలో వచ్చింది. 2017, 18ల్లో వీరమాచినేని గారి డైట్ అని ఊరూరా కొబ్బరినూనె తాగినప్పుడు. నీ కొడుకుదీ అదేనని మన వీధిలో సగం మంది అనుకుంటున్నారు.

మేనకోడలు: ఆ మాటతో విసిగిపోయాను. బరువు తగ్గడానికి పెద్దవాళ్లు తమకు తాము మొదలుపెట్టుకున్నది అది. ఇది ఆసుపత్రిలో మొదలుపెట్టేది. మొదలుపెట్టే ముందు కొవ్వును శక్తిగా మార్చుకోలేని పుట్టు లోపాలేమైనా ఉన్నాయా అని పరీక్షలు చేస్తారు, ఉంటే ఈ తిండి ప్రాణం మీదికి తెస్తుంది. విటమిన్లు, కాల్షియం విడిగా ఇస్తారు. ఎవరైనా మా వాణ్ని చూసి వాళ్ల పిల్లాడికి ఇంట్లో మొదలుపెడితే? చెప్పాలంటే మీ బైఫిడో కంటే నాకు ఆ భయమే ఎక్కువ.

మామయ్య: నాకు ఇంకో భయం ఉంది. యాంటీబయాటిక్స్. నీ ఎలుకల పేపరు నిజమైతే, జ్వరానికి ఒక కోర్సు వాడితే వాడి కాపుదల కదలదా?

మేనకోడలు: మనుషుల్లో అంత సూటిగా చెప్పలేం. ఎందుకంటే జ్వరమే ఫిట్స్ తెస్తుంది, యాంటీబయాటిక్ సిరప్‌లోని చక్కెర కీటోన్లను పడగొడుతుంది, కొన్ని యాంటీబయాటిక్స్ నేరుగా ఫిట్స్ పెంచుతాయి. మెరోపెనెమ్ అయితే రక్తంలో వాల్ప్రోయేట్‌నే దించేస్తుంది. వీటన్నిటి మధ్య పేగు వాటా ఎంతో ఎలా విడదీస్తాం? నేను చెయ్యగలిగింది ఒకటే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కీటో డైట్ అని ముందే చెప్తాను. సిరప్ బదులు మాత్ర అడుగుతాను. యాంటీబయాటిక్ నిజంగా కావాలా అని కూడా అడుగుతాను, వాళ్లు చిరాకుపడ్డా సరే.

మామయ్య: మరి మెత్తని డైట్‌కు ఎందుకు మారవు? 2020లో ఎయిమ్స్ వాళ్లే మూడు డైట్లను పోల్చారు. క్లాసిక్ కీటో, మాడిఫైడ్ అట్కిన్స్, లో గ్లైసీమిక్. 170 మంది పిల్లలు, 24 వారాలు. ఫిట్స్ తగ్గింది క్లాసిక్‌లో నూటికి 66, అట్కిన్స్‌లో 45, లో గ్లైసీమిక్‌లో 54. లో గ్లైసీమిక్‌లో ఇబ్బందులు అన్నిటికంటే తక్కువ. అందులో రోజుకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తినొచ్చు, కూరగాయలకు చోటుంటుంది. పేగు బతుకుతుంది, నూటికి 54 ఫిట్సూ పోతాయి. నాకైతే అదే న్యాయమైన బేరం అనిపిస్తోంది.

మేనకోడలు: 54కీ 66కీ మధ్య ఉన్న 12 మా ఇంట్లో అంకె కాదు మామయ్యా. మేం అట్కిన్స్‌తోనే మొదలుపెట్టాం. చేతుల అదురు తగ్గింది కానీ కూలిపోవడం ఆగలేదు. నాలుక్కి ఒకటికి వెళ్లాకే హెల్మెట్ అటక ఎక్కింది. అందరి పిల్లలూ క్లాసిక్‌కు వెళ్లాలని నేననను. మెత్తని దానితో సరిపోయే పిల్లాడికి అది చాలు. మా వాడికి చాల్లేదు. ఇది జీవితాంతమూ కాదు. బాగా పనిచేస్తే సుమారు రెండేళ్లు, తర్వాత నెమ్మదిగా మూడుకి ఒకటి, రెండుకి ఒకటి అంటూ దిగుతారు.

మామయ్య: ఆ రెండేళ్లూ పేగుకు ఏం పెడతావన్నదే నా గొడవ. ఇందాక పీచు ఎంతో చెప్తానన్నావు.

మేనకోడలు: తక్కువే. ఆకుకూర, దోసకాయ, అప్పుడప్పుడూ కాలీఫ్లవర్.

మామయ్య: మీ డైటీషియన్ పీచును పిండిపదార్థం లెక్కలో కలుపుతారా?

మేనకోడలు: కలపరు. తీసేసి చూస్తారు.

మామయ్య: మరి ఇంకేం! కొవ్వూ పీచూ కలిసి ఉన్నవి మన వంటింట్లోనే ఉన్నాయిగా. అవిసె గింజల్లో బరువులో 40 పాళ్లకు పైగా కొవ్వు, పాతిక పాళ్లకు పైగా పీచు. పచ్చికొబ్బరిలోనూ రెండూ ఉన్నాయి. నువ్వులున్నాయి. వెన్నలో కొంత తగ్గించి ఆ చోట అవిసె పొడి, కొబ్బరి పెట్టు. లెక్క సరిచూసుకుంటే నాలుక్కి ఒకటి చెడదు, పెద్దపేగులో వాళ్లకూ నాలుగు మెతుకులు పడతాయి. రోజుకు పది గ్రాముల అవిసె పొడితో మొదలుపెట్టు.

మేనకోడలు: పది ఒకేసారి పెడితే రాత్రంతా కడుపుబ్బరంతో ఎవరు ఏడుస్తారు, మీరా, నేనా? మూడుతో మొదలు. అదీ డైటీషియన్ మెనూ తిరగరాసి ఇచ్చాక. పీచు పెంచితే నీళ్లూ పెంచాలి, లేకపోతే లోపల గట్టిపడి అదే అడ్డం పడుతుంది.

మామయ్య: మూడు గ్రాములకు ఏ బ్యాక్టీరియా కదులుతుందమ్మాయ్? ఐదన్నా చెయ్యి.

మేనకోడలు: మూడు. రెండు వారాలు చూసి, వాడి కీటోన్లు దిగకపోతే అప్పుడు ఐదు. వచ్చే ఓపీకి మీరూ రండి, ఆ మాట మీరే అడగండి. ఎలుకల పేపర్లు మాత్రం ఇంట్లో పెట్టి రండి, డైటీషియన్‌కు ఒక్కో పిల్లాడికి పది నిమిషాలే ఉంటాయి.